నూటికి నూరు మార్కులు, బుక్ కాని రక్తపరీక్ష

రెండేళ్ల కిందట మా టీమ్ ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కు వెబ్‌సైటు చేసింది. కావలసిన రక్తపరీక్ష ఎంచుకుని, తేదీ, టైము పెట్టి డబ్బు కడితే ఇంటికే మనిషి వచ్చి శాంపిల్ తీసుకెళ్తాడు. టెస్టింగ్ నాది. రిలీజుకు ముందు రోజు రాత్రి క్రోమ్‌లో ఉండే లైట్‌హౌస్ అనే పరీక్ష టూల్ నడిపితే యాక్సెసిబిలిటీ (చూపు, వినికిడి లాంటి లోపాలున్నవాళ్లూ వాడగలగడం) దగ్గర ఆకుపచ్చ సున్నాలో 100 వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్ తీసి క్లయింటుకు చూపించే స్లైడుల్లో అన్నిటికంటే ముందు పెట్టించింది నేనే. "చూపు లేనివాళ్లు కూడా హాయిగా వాడుకోవచ్చు" అని కింద ఒక లైను కూడా రాశాను. ఆ లైను గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం తెనాలి మామయ్యకు ఫోన్ చేసి కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. గ్లకోమా వచ్చింది, మావైపు నీటికాసులు అంటారు. ముందు పక్కచూపు పోయింది, పదేళ్లలో మిగతాదీ పోయింది. అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ నేర్చుకున్నారు. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. పేపర్లు, ఈమెయిళ్లు, కరెంటు బిల్లు అన్నీ దాంతోనే. "షుగర్ టెస్టు ఎలాగూ చేయించుకోవాలి, మీ సైటులోనే బుక్ చేస్తాలే" అన్నారు.

నలభై నిమిషాల తర్వాత ఆయనే ఫోన్ చేశారు.

"ఏరా, మీ సైటులో తేదీలున్నాయా?"

"ఉన్నాయి మామయ్యా. క్యాలెండర్ ఉంటుంది, అందులో నొక్కాలి."

"ఎక్కడా? ట్యాబ్ కొడుతుంటే పరీక్ష పేరు తర్వాత తిన్నగా 'ముందుకు' బటన్ మీదకు పోతోంది. అది నొక్కితే తప్పని చెప్పదు, ఒప్పని చెప్పదు. గోడకు చెప్పుకున్నట్టుంది."

ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా క్యాలెండర్‌లో రోజులు నిజమైన బటన్లు కావు, బటన్ల వేషం వేసుకున్న ఖాళీ డబ్బాలు. మౌసుకు తప్ప దేనికీ పలకవు. బాణం కీలతో ఒక్కో ముక్కా దిగుతూ పోతే ఒకటి, రెండు, మూడు అని అంకెలు వినిపిస్తాయి కానీ అది ఏ నెలో తెలియదు, అవి నొక్కేవని తెలియదు, ఒకవేళ నొక్కినా ఎంచుకున్నట్టు చెప్పదు. టైము స్లాట్ల సంగతి సరేసరి. ఖాళీగా ఉన్నవి ఆకుపచ్చ, నిండినవి ఎరుపు. మాటల్లో ఎక్కడా రాయలేదు. ఇక తేదీ పెట్టకుండా 'ముందుకు' నొక్కితే పేజీ పైన ఎర్రటి అక్షరాల్లో 'దయచేసి తేదీ ఎంచుకోండి' అని నిశ్శబ్దంగా వచ్చి కూర్చుంటుంది. కళ్లున్నవాడు తల పైకెత్తి చూస్తాడు. స్క్రీన్ రీడర్‌కు అది వచ్చిందన్న సంగతే తెలియదు.

ఇన్ని పెట్టుకుని 100 ఎలా వచ్చింది? ఇక్కడే నా వృత్తిలో చాలామంది చేసే పొరపాటు ఉంది, నేను పన్నెండేళ్లు చేసినది. సైటులో తప్పులు వెతకడమంటే టూల్ నడిపి మార్కులు చూడటమని అనుకున్నాను. ఒక మనిషి ఒక పని మొదలుపెట్టి పూర్తి చేయగలిగాడా అన్నది ఆ మార్కుల్లో ఉండదు.

లైట్‌హౌస్ యాక్సెసిబిలిటీ పరీక్షలు యాక్స్ అనే ఓపెన్ సోర్స్ ఇంజిన్ మీద నడుస్తాయి. ఆ ఇంజిన్ పేజీ కోడును చదువుతుంది. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ చూడలేనివాళ్లకు దాని బదులు వినిపించే మాట) ఉందా, ఫారంలో గడికి లేబుల్ ఉందా, బటన్‌కు పేరుందా, అక్షరం రంగుకూ వెనక రంగుకూ తగినంత తేడా ఉందా అని అడుగుతుంది. ట్యాబ్ కొట్టి చూడదు. రక్తపరీక్ష బుక్ చేయదు. మా క్యాలెండర్ డబ్బాలు దాని దృష్టిలో బటన్లే కావు కాబట్టి వాటిలో తప్పూ లేదు. బడికి రాని పిల్లవాడు పరీక్షలో తప్పడు కదా.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. లైట్‌హౌస్ ఈ విషయం దాచలేదు. ఆ 100 కిందే ముడుచుకుని ఒక జాబితా ఉంటుంది, 'వీటిని మనిషే చూసుకోవాలి' అని. నొక్కే వస్తువులన్నీ కీబోర్డుకు అందుతున్నాయా అన్నది అందులో ఉంది. ట్యాబ్ వరస సరిగ్గా ఉందా అన్నదీ ఉంది. ఆ జాబితాను నేను ఒక్కసారి కూడా విప్పి చూడలేదు.

బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం వాళ్లు 2017లో ఒక తమాషా చేశారు. కావాలని 140కి పైగా లోపాలు కూరి ఒక వెబ్ పేజీ తయారుచేసి, దాని మీద టెస్టింగ్ టూళ్లను ఒక్కొక్కటిగా వదిలారు. అన్నిటికంటే బాగా చేసిన టూల్‌కు దొరికినవి నూటికి 40 దాకానే. నూటికి 29 లోపాలు ఏ టూల్‌కూ దొరకలేదు. 2019లో ఆస్ట్రియా డెవలపర్ ఒకాయన ఇంకా ముందుకెళ్లి, మౌసుతోనూ కీబోర్డుతోనూ స్క్రీన్ రీడర్‌తోనూ వాడటానికి వీల్లేని పేజీ ఒకటి కట్టి, దానికి లైట్‌హౌస్‌లో 100 తెప్పించి చూపించాడు. ఆయన కావాలని చేశాడు. మేము కష్టపడి, మంచి ఉద్దేశంతో అదే చేశాం.

అలాగని టూళ్లు దండగ అనను. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోమ్ పేజీలను టూల్‌తో పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో టూల్‌కే దొరికే తప్పులు ఉన్నాయి, సగటున పేజీకి 56.8. ఎక్కువగా కనిపించేవి ఏటా అవే: వెలిసిపోయిన అక్షరాలు, ఆల్ట్ లేని బొమ్మలు, లేబుల్ లేని ఫారం గడులు, పేరు లేని లింకులు, పేరు లేని బటన్లు, ఏ భాషో చెప్పని పేజీలు. ఇవన్నీ సాయంత్రానికి సరిచేయగలిగిన తప్పులు. వీటికి మనిషి అక్కర్లేదు, జల్లెడ చాలు. జల్లెడ రాళ్లను పట్టుకుంటుంది. బియ్యం ముక్కిపోయాయో లేదో వండుకున్నవాడికే తెలుస్తుంది.

ఆల్ట్ టెక్స్ట్ సంగతే చూడండి. అది ఉందా లేదా అన్నంతవరకే టూల్‌కు తెలుస్తుంది. మా సైటులో 'ఫుల్ బాడీ చెకప్' ఆఫర్ మొత్తం, ధరతో సహా, ఒక బొమ్మలోనే ఉంది. దానికి ఎవరో 'బ్యానర్ 3' అని ఆల్ట్ పెట్టారు. టూల్ ఓకే అంది. మామయ్యకు వినిపించింది 'గ్రాఫిక్, బ్యానర్ త్రీ'. "మిగతా రెండు బ్యానర్లు ఎక్కడున్నాయిరా" అని అడిగారు. ఆయనకు ఈ వెటకారం బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినప్పటి నుంచీ ఉంది.

రంగుల తేడా కూడా అంతే. డబ్ల్యూసీఏజీ అని వెబ్‌కు ఒక ప్రమాణం ఉంది, మొదటిది 1999లో, రెండోది 2008లో, ఇప్పుడు నడుస్తున్న 2.2 కూర్పు 2023లో వచ్చాయి. దాని ప్రకారం మామూలు అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. తెల్ల కాగితం మీద 767676 అనే బూడిద రంగు 4.54తో గట్టెక్కుతుంది. ఒక్క మెట్టు పలచనైన 777777 రంగుకు 4.48, ఫెయిల్. ఈ లెక్క టూల్ నాకంటే బాగా చేస్తుంది. కానీ తెలుగులో 'కి'కీ 'కీ'కీ తేడా ఆ చిన్న మెలికలోనే ఉంటుంది. ఒత్తులు కింద ఇరుక్కుని ఉంటాయి, లైను ఎత్తు తక్కువైతే బటన్ అంచు దగ్గర తెగిపోతాయి. ఇంగ్లీషు అక్షరానికి సరిపోయిన బూడిద రంగు, అదే సైజు తెలుగుకు చూపు తగ్గినవాళ్ల విషయంలో సరిపోదని నా అనుభవం. ప్రమాణంలో ఉన్న అంకె దాటింది కదా అని టూల్ ఊరుకుంటుంది. నేను ఊరుకోను, బగ్ వేస్తాను, అంటే తప్పు కింద నమోదు చేస్తాను. డిజైనర్లు నా మీద విసుక్కుంటారు.

మామయ్య ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఏం చేశారో చెప్పలేదు. తర్వాత అత్తయ్య చెప్పింది. వీధి చివర మీసేవ పక్క కొట్లో కుర్రాణ్ని పిలిచి, డెబిట్ కార్డు అతని చేతికిచ్చి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివించి బుక్ చేయించుకున్నారట. ఎవరికీ చెప్పకండి అని బ్యాంకు మెసేజీలు పంపే ఆ ఆరంకెల నంబరునే. మన సైటులో ఒక డబ్బా బటన్ కాకపోతే ఆయనకు పోయేది కాస్త సౌకర్యం మాత్రమే కాదు. పర్సు, పిన్ను, ఏ పరీక్ష ఎందుకు చేయించుకుంటున్నాడన్న రహస్యం, అన్నీ ఇంకొకరి చేతిలో పెట్టాలి. షుగర్ కాబట్టి సరిపోయింది. ఊళ్లో నలుగురికీ తెలియకూడని పరీక్షలు ఎన్ని లేవు?

ఆ తర్వాత నా పని తీరు మార్చుకున్నాను. టూల్ ఇప్పటికీ నడుపుతాను. అది పొద్దున పళ్లు తోముకోవడం లాంటిది, దాని గురించి స్లైడులు చేయను. అసలు వెతకడం మౌసును బోర్లించి పక్కన పెట్టాక మొదలవుతుంది. ట్యాబ్ కీతో పేజీ మొదటి నుంచి చివరి దాకా వెళ్తాను. ఇప్పుడు ఎక్కడున్నానో కంటికి కనిపించాలి. చాలా సైట్లలో కనిపించదు, ఎందుకంటే ఎంచుకున్న వస్తువు చుట్టూ బ్రౌజరు గీసే గీత అందంగా లేదని ఎవరో తీసేసి ఉంటారు. ఒక్క లైను కోడుతో చేసే ఈ చిన్న పని, కీబోర్డు మీద బతికేవాళ్లకు చీకట్లో మెట్లు దిగడంతో సమానం.

తర్వాత ఎన్‌వీడీఏ. హెచ్ కీ కొడితే ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకుతుంది, బీ కొడితే బటన్లకు, ఎఫ్ కొడితే ఫారం గడులకు. మామయ్య లాంటివాళ్లు పేజీని పై నుంచి కిందకు వినరు, మనం పేపర్లో హెడ్డింగులు చూసినట్టు హెచ్‌తో దూకుతారు. శీర్షికలు లేకుండా పెద్ద అక్షరాలతో సరిపెట్టిన పేజీ వాళ్లకు విషయసూచిక చింపేసిన పుస్తకం. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. ఆ జాబితా ఒక్కటి చదివితే చాలు, సైటు కట్టినవాళ్ల గుణం తెలిసిపోతుంది. 'ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇంకా చదవండి, ఇక్కడ నొక్కండి.' ఎక్కడికి పోతామో ఒక్కటీ చెప్పదు.

కానీ బంగారు గని వేరే చోట ఉంది. కావాలని తప్పు చేయాలి. ఫోన్ నంబరుకు తొమ్మిదంకెలే కొట్టాలి. పుట్టిన తేదీ వదిలేయాలి. తప్పుడు ఓటీపీ ఇవ్వాలి. అన్నీ సరిగ్గా నింపితే నడిచే దారిని అందరం టెస్ట్ చేస్తాం, తప్పినప్పుడు వచ్చే దారిలో ఎవరూ నడవరు. అక్కడ స్క్రీన్ రీడర్ నోరు మూసుకుని ఉంటే సైటు పనికిరానట్టే, మిగతాదంతా ఎంత బాగున్నా సరే. పేజీలో ఫలానా చోట ఏదైనా మారితే చదివి చెప్పు అని బ్రౌజరుకు చెప్పే సదుపాయం ఏళ్లుగా ఉంది. వాడరు, లేదా అడ్డదిడ్డంగా వాడి ప్రతి సెకనుకూ 'ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది' అని ఓటీపీ గడువు లెక్కపెట్టిస్తూ పక్కన ఇంకేదీ వినబడకుండా చేస్తారు. పాపప్ తెరుచుకున్నాక కీబోర్డు దాని లోపలికి వెళ్లిందా, మూసేశాక ఉన్న చోటికే తిరిగి వచ్చిందా, లేక పేజీ మొదటికి విసిరేసిందా? ఒక బ్యాంకు లాగిన్‌లో తెర మీదే అంకెల కీబోర్డు ఉంటుంది, భద్రత కోసం అంకెలు ప్రతిసారీ చోటు మారతాయి, ఒక్కో అంకే ఒక పేరులేని బొమ్మ. దొంగలతో పాటు ఖాతాదారునూ బయటే ఆపేసింది.

మామయ్యకు చూపు తగ్గుతూ వచ్చిన ఆ మధ్య పదేళ్ల గురించి మేమెవరం ఎప్పుడూ అడగలేదు. అప్పుడు ఆయన పేజీని 300, 400 శాతానికి పెంచుకుని మొహం తెరకు ఆనించి చదివేవారట. పూర్తిగా చూపు లేనివాళ్ల కంటే ఇలా కొద్ది చూపుతో నెట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. 400కి పెంచితే పేజీ ఫోన్ తెర అంత వెడల్పులోకి సర్దుకోవాలి, అడ్డంగా జరుపుకోవలసిన పని ఉండకూడదు. మా సైటులో పెంచగానే పైన అతుక్కున్న మెనూ సగం తెరను మింగేసింది, 'డబ్బు చెల్లించండి' బటన్ కుడి పక్కకు పారిపోయింది. టూల్ ఆ పేజీకి పెట్టిన తప్పులు సున్నా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, కొంతమందికి నచ్చదు. ప్రతి మే నెల మూడో గురువారం యాక్సెసిబిలిటీ అవగాహన దినం జరుపుతారు, 2012 నుంచి ఉంది. ఆ రోజు ఆఫీసుల్లో అందరి కళ్లకూ గంతలు కట్టి వెబ్‌సైటు వాడమంటారు. పది నిమిషాల్లో ఒకరిద్దరికి కళ్లు చెమరుస్తాయి, ఫొటోలు దిగుతారు, సమోసాలు తింటారు. నాకు ఇది నచ్చదు. గంతలు కట్టుకున్నవాడికి తెలిసేది చూపు పోయిన మొదటి రోజు ఎలా ఉంటుందో అంతే. మామయ్య తన స్క్రీన్ రీడర్‌ను ఎంత వేగంగా పెట్టుకుంటారంటే పక్కన కూర్చుంటే నాకు వడ్లమర శబ్దంలా వినిపిస్తుంది, ఒక్క మాటా అర్థం కాదు. ఆయన దాన్ని వింటూ అత్తయ్యతో మాట్లాడతారు. ఆయనది చేయి తిరిగిన పని. గంతల ఆట జాలిని పుట్టిస్తుంది, బగ్‌ను కాదు. పైగా అసలు చూపు లేనివాడికి తేలికైనది మనకు కష్టంగా తోచి దాన్ని బగ్ అంటాం, ఆయనకు నరకమైనది మన కంట పడదు. ఆ ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్, ఆయనతో కలిసిన జేమ్స్ తే, ఇద్దరూ చూపు లేనివాళ్లే. ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల ముందు గంతలు కట్టుకుని కన్నీళ్లు పెట్టుకోవడం నాకు కొంచెం వింతగానే ఉంటుంది.

ఇక తెలుగు. ఇక్కడ మామూలు టూళ్లకు దొరకని జబ్బులు మనకు రెండు ఉన్నాయి.

మొదటిది పాత ఫాంట్లు. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో తలో నంబరు ఇచ్చే పద్ధతిలో, తెలుగుకు సొంత స్థానాలు 1991 నుంచే ఉన్నా, మన డీటీపీ సెంటర్లు 'అను' అనే ఫాంట్ల మీదే పెరిగాయి. వాటిలో కంటికి 'అ' కనిపిస్తుంది కానీ లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరమో, గుర్తో. అచ్చు వేసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అదే ఫైలును పీడీఎఫ్ చేసి వెబ్‌సైటులో పెడితే కళ్లకు చక్కటి తెలుగు, చెవులకు పిచ్చి కేకలు. టూల్‌ను అడగండి: అక్షరాలున్నాయి, రంగుల తేడా బాగుంది, పాస్ అంటుంది. దీన్ని పట్టుకోవడానికి నాకు మామయ్య నేర్పిన చిట్కా ఒకటి ఉంది. ఆ పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే బతికిపోయారు. అంకెలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే ఆయనకు వినిపించేది అదే. అసలు ఏమీ కాపీ కాకపోతే అది బొమ్మ, ఎవరో ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కించారు. కంప్యూటర్లో టైపు చేసిన ఉత్తర్వును కాగితం మీదకు దించి, తిరిగి కంప్యూటర్లోకి బొమ్మగా ఎక్కించే ఈ తద్దినం ఎన్ని ఆఫీసుల్లో జరుగుతోందో. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే కేంద్రం మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి, 2023లో మూడో కూర్పు కూడా వచ్చింది.

రెండోది పేజీ ఏ భాషలో ఉందో చెప్పే గుర్తు. ప్రతి పేజీ కోడు నెత్తిన ఇది ఉండాలి. టూల్ ఉందా లేదా అని చూస్తుంది, నిజమా కాదా అని మన తెలుగు చదివి తేల్చదు. మా సైటులో తెలుగు పేజీలకు కూడా ఇంగ్లీషు అనే గుర్తే ఉంది, ఎందుకంటే ఇంగ్లీషు పేజీని కాపీ కొట్టి మాటలు మార్చారు. దాంతో స్క్రీన్ రీడర్ తెలుగు ముందు ఇంగ్లీషు గొంతును కూర్చోబెడుతుంది. ఏ గొంతు వాడుతున్నారన్నదాన్ని బట్టి కొన్ని తెలుగు వాక్యాన్ని పూర్తిగా మింగేస్తాయి, మధ్యలో ఉన్న అంకెలు మాత్రం చదువుతాయి. 'పరీక్షకు 12 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు' అన్న హెచ్చరిక మామయ్యకు 'ట్వెల్వ్' అని వినిపించింది. పన్నెండేమిటో ఆయనకు తెలియదు. కాఫీ తాగి కూర్చున్నారు. శాంపిల్ తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి వెనక్కి పోయాడు. రెండక్షరాల గుర్తు అది, దాన్ని మార్చడానికి మా డెవలపర్‌కు అర నిమిషం పట్టింది.

వచ్చింది మనిషేనా అని తేల్చుకోవడానికి సైట్లు పెట్టే పజిళ్ల, అదే క్యాప్చాల, గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం పూర్తి కాదు. వినే క్యాప్చా ఉందిగా అంటారు. హోరులో గొణిగే అమెరికా యాసను తెలుగు మీడియంలో చదువుకున్న డెబ్బై ఏళ్ల మనిషి పట్టుకోవాలి. నేనూ ప్రయత్నించాను. నేను మనిషిని కానని తేలింది.

మామయ్య ఫోన్ తర్వాత నేను 100 గురించి నిజం ఒప్పుకుంటూ క్లయింటుకు మెయిల్ రాశాను. వాళ్ల మేనేజరు మర్యాదస్తుడే. "ఎంతమంది ఉంటారండీ అసలు?" అని అడిగాడు. 2011 జనాభా లెక్కల్లో చూపు సమస్య ఉందని నమోదైనవాళ్లు 50 లక్షల పైమాటే, అప్పటికి మళ్లీ జనాభా లెక్కలే జరగలేదు. పైగా ల్యాబ్‌కు వచ్చేది ఎవరు? షుగరున్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు. చూపు తగ్గేది ఎవరికి? వాళ్లకే. అది ఆయనకు అర్థమైంది. వెంటనే ఇంకో మాట అన్నాడు: "ఏదో విడ్జెట్ ఉందట, ఒక్క లైను కోడు పెడితే ఏఐ అంతా సరిచేస్తుందట." సైటు మూలన చక్రాల కుర్చీ బొమ్మో, మనిషి బొమ్మో కనిపిస్తుందే, అది. అలాంటి విడ్జెట్లు అమ్మే యాక్సెసిబీ అనే కంపెనీ, ఏ సైటునైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తామని అబద్ధపు ప్రచారం చేసిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది. ఆ వార్త రావడానికి ముందే మేము విడ్జెట్ వద్దనుకున్నాం, కారణం ఇంత పెద్దది కాదు. మామయ్యను అడిగితే, "నా స్క్రీన్ రీడర్ నాకుంది, ఇంకోటి దాని నెత్తినెక్కి మాట్లాడుతుంటే రెండూ వినబడవు" అన్నారు.

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే బడ్జెట్ అడిగేటప్పుడు పనికొస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు కావాలంది. 2025 ఏప్రిల్ 30 తీర్పు నాకు ఇంకా ఇష్టం. బ్యాంకు కేవైసీ కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమంటారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని అమర్ జైన్ కోర్టుకెళ్లారు. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని చెబుతూ కోర్టు ఇరవై ఆదేశాలు ఇచ్చింది. అందులో ఒకటి చదివి నేను కుర్చీలోంచి లేచాను: యాప్, వెబ్‌సైటు తయారుచేసేటప్పుడు వాడకందారుల పరీక్షల దశలో చూపు లేనివాళ్లను కూర్చోబెట్టాలి. 'కళ్లు ఆర్పండి' అన్న బటన్‌కు లేబుల్ ఉంటుంది, రంగు బాగుంటుంది, టూల్ 100 ఇస్తుంది. తప్పు ఆ అడగడంలోనే ఉంది, దాన్ని కనిపెట్టేది అడిగించుకున్నవాడే.

మా డెవలపర్ మిత్రుడు అంటాడు, ప్రతి రిలీజుకూ మనుషుల్ని కూర్చోబెడితే పని ఎప్పటికి తెమిలేనని. నిజమే. అందుకే కోడు మారిన ప్రతిసారీ టూల్, రెండు వారాలకోసారి నేనూ నా బోర్లించిన మౌసూ, పెద్ద మార్పు ఉన్నప్పుడు చూపు లేని టెస్టర్లు. వాళ్లకు రోజు లెక్కన డబ్బు. ఇది నేను పట్టుబట్టి సాధించుకున్నది, ఎందుకంటే మా వాళ్లు మొదట టీషర్టూ మెచ్చుకోలు కాగితమూ ఇద్దామన్నారు. ఆ టెస్టర్లలో ఒకామె మొదటి రోజు గంటలో పట్టుకున్నది నాకు తట్టనే లేదు: యూపీఐ యాప్‌లోకి వెళ్లి డబ్బు కట్టి వెనక్కి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెడుతుంది, డబ్బు వెళ్లిందో లేదో తెలియక ఆమె రెండోసారి కట్టబోయింది.

క్యాలెండర్ తీసేశాం. రోజు, నెల, టైము అని మూడు మామూలు డ్రాప్‌డౌన్లు పెట్టాం. నిండిన స్లాట్ల పక్కన 'ఖాళీ లేదు' అని మాటల్లోనే రాశాం. డిజైనర్ ఒక పూట మాట్లాడలేదు.

కిందటి సంక్రాంతికి ముందు మామయ్య మళ్లీ ప్రయత్నించారు. ఈసారి ఫోన్ పెట్టేయకుండా స్పీకర్ ఆన్ చేసి నన్ను వినమన్నారు. వడ్లమర శబ్దం, మధ్యలో ట్యాబ్ టకటక. ఏడు నిమిషాల్లో అయిపోయింది. ఓటీపీ ఆయనే విన్నారు, ఆయనే కొట్టారు. "పర్లేదురా" అన్నారు. బళ్లో కూడా ఆయన అంతకు మించి ఎవరినీ మెచ్చుకున్నట్టు గుర్తు లేదు.

మర్నాడు సాయంత్రం మెసేజ్ వచ్చింది.

"రిపోర్టు పంపారు. పీడీఎఫ్. నోట్‌ప్యాడ్‌లో అతికించాను, ఏమీ రాలేదు. షుగర్ ఎంతుందో కొట్లో కుర్రాణ్ని అడిగి రేపు చెబుతాను."